పెద్దోడైన కొడుకు మనసు చెదిరితే ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము దోర్నాల వైపు చెంచు గూడెం వాళ్లం. మార్కాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కడం ఇదే మొదలు. ఇది మా అన్న సంగతి. అన్నను అడిగి, సరే అన్నాకే రాస్తున్నాం. పేరు, గూడెం పేరు మాత్రం వద్దన్నాడు.

అన్నకు 24 ఏళ్లు. గుంటూరు వైపు మిర్చి కోతలకు పోయి వచ్చినాక నిద్ర పోవడం మానేశాడు. రాత్రంతా గుడిసె చుట్టూ తిరిగేవాడు. ఫారెస్టోళ్లు తనకోసం వెతుకుతున్నారని, వాళ్ల మాటలు చెవిలో వినబడుతున్నాయని అనేవాడు. అన్నంలో ఏదో కలిపారని ముద్ద ముట్టేవాడు కాదు.

గూడెంలో తలా ఒక మాట. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నారు. ఒక పెద్దాయన గొలుసేసి కట్టేయమన్నాడు. "నా కొడుకు గొడ్డు కాదు" అని అమ్మ ఎదురు తిరిగింది. అమ్మకు చదువు రాదు. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పేదీ అదే: మానసిక జబ్బు ఉన్న మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉండడంవల్ల తప్పించుకోలేక ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లు 28 మంది.

చిన్నపిల్లాడైతే ఎత్తుకొని ఆసుపత్రికి పోతాం. పెద్దోడిని ఎట్లా తీసుకుపోవాలి? "నాకేం రోగం లేదు, మీకే ఉంది" అంటాడు. నాయన వాదన పెట్టుకోలేదు. ఫారెస్టోళ్లు లేరనీ అనలేదు, ఉన్నారనీ అనలేదు. "నీకు భయమేస్తుంది కదా. నేను బయట కూసుంటా, నువ్వు పండుకో" అని గడప దగ్గర కూర్చునేవాడు. అమ్మ ఒకే పళ్లెంలో ముందు తాను తిని, తర్వాత అన్నకు పెట్టేది. గొడ్డలి, కొడవలి, పురుగుమందు పక్కింట్లో దాచిపెట్టాం.

హాస్టల్ నుంచి 14416కు ఫోన్ చేశాం. అది టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ పని చేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. జబ్బు మాట పక్కనపెట్టి నిద్ర సంగతి అడగమన్నారు. "నిద్ర పట్టట్లేదు కదరా, డాక్టర్ను అడుగుదాం పా" అని నాయన అంటే, మూడోరోజుకు అన్న బస్సెక్కాడు. ఒంగోలు పెద్దాసుపత్రి మార్కాపురం నుంచే వంద కిలోమీటర్లకు అటూఇటూ. రానూపోనూ నాయనకు రెండు రోజుల కూలి పోయింది.

డాక్టర్ సైకోసిస్ అన్నారు. మందులు పూర్తిగా పని చేయడానికి వారాలు పడుతుందని, బాగైందని సొంతంగా ఆపితే మళ్లీ తిరగబెడుతుందని చెప్పారు. అమ్మకు అక్షరాలు రావు కాబట్టి మందుల కవర్ల మీద పొద్దున వాటికి సూర్యుడు, రాత్రి వాటికి చంద్రుడు బొమ్మ గీసిచ్చాం. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు.

ఇంకో ముఖ్యమైన మాట. 18 ఏళ్లు నిండిన మనిషి వైద్యం గురించి తానే నిర్ణయం తీసుకోవచ్చు. తనకు చేతకాని రోజున తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసి పెట్టుకోవచ్చు. అన్న అమ్మ పేరు చెప్పాడు. ప్రాణాపాయం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు మానసిక డాక్టరే కానక్కర్లేదు, రిజిస్టరైన ఏ డాక్టరైనా ఇంట్లోవాళ్ల ఒప్పుకోలుతో అత్యవసర వైద్యం చేయొచ్చని చట్టంలో ఉంది. మామూలుగా అది 72 గంటలు దాటకూడదు.

అన్న మునుపటిలాగా పూర్తిగా కాలేదు. మాట తగ్గింది, పగలు మత్తుగా ఉంటాడు. కానీ నిద్రపోతున్నాడు, అన్నం తింటున్నాడు, మొన్న చింతపండు కొట్టడానికి పోయాడు. మేము చదువు మానేసి ఇంటికొస్తామంటే ఒప్పుకోనిది కూడా అన్నే. "నువ్వొచ్చి కూసుంటే నా బొమ్మలు ఎవరు గీస్తారు" అన్నాడు.

మీ గూడెంలో, తండాలో ఇలాంటి ఇల్లు ఉంటే "పిచ్చోడి ఇల్లు" అనకండి. పోయి ఒక రాత్రి ఆ గడప దగ్గర కూర్చోండి, ఆ తల్లీతండ్రీ కాసేపు కళ్లు మూసుకుంటారు. 14416 నంబరు ఇప్పుడే ఫోన్లో పెట్టుకోండి.

జై ఆదివాసీ!