గడ్డపు కుంచె

మా స్నానాలగదిలో అద్దం క్రింద చెక్కపలక మీద రెండు గడ్డపు కుంచెలు ఉంటాయి. షేవింగ్ బ్రష్ అంటే అందరికీ వెంటనే తెలుస్తుంది కానీ, నాన్నగారు జీవితమంతా కుంచె అనే అన్నారు కనుక నాకూ ఆ మాటే అలవాటయింది. ఒకటి అరవై రూపాయల నైలాను కుంచె. రెండవది దానికి పదిరెట్లు ఖరీదైనది. బరువైన పిడి, తెల్లని కుచ్చు, కుచ్చు నడుమ నల్లని చార, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఈ రెండవదాని గురించి, దాని మూలంగా నేను కొన్నాళ్ళు దాచిన ఒక నిజం గురించి వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

2022 వేసవిలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. ఎదుటివారి మాట అర్థమయ్యేది గాని, బదులు చెప్పబోతే ఒక్క "ఊఁ" తప్ప మరేమీ వచ్చేది కాదు. ఊరినుంచి తీసుకువచ్చి దూలపల్లిలో మా ఇంట్లోనే ఉంచుకున్నాము. మేము ఇల్లు కట్టుకున్న రోజుల్లో దూలపల్లి ఒక గ్రామపంచాయతీ. 2018లో కొంపల్లి పురపాలక సంఘంలో కలిసింది. ఒకవైపు జీడిమెట్ల కర్మాగారాలు, మరొకవైపు అటవీశాఖవారి అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ, వాటి వెనుక ఇంకా మిగిలివున్న కాస్త అడవి. తెల్లవారుజామున లారీల మోత, నెమలికూత రెండూ కలిసి వినబడతాయి.

నాన్నగారు నలభై ఏళ్ళు బడిపంతులుగా పనిచేశారు. గడ్డం గీసుకోకుండా బడికి వెళ్ళిన రోజు నాకు జ్ఞాపకం లేదు. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన మూడవనాడు ఎడమచేతితో చెంప రుద్దుకుని, గోడవైపు చూపించారు. అద్దం అడుగుతున్నారని తెలుసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. అద్దంలో తన ముఖం చూసుకుని ఆయన కన్నీరు పెట్టుకోవడం అదే మొదటిసారి. వంకరపోయిన మూతికి కాదు, పెరిగిన గడ్డానికి ఏడ్చారని నేను ఈనాటికీ నమ్ముతున్నాను.

నేనే గీయబూనుకున్నాను. డబ్బాలోనుంచి బుస్సుమని వచ్చే నురగ పూసి, రెండు బ్లేళ్ళ రేజరుతో మొదలుపెట్టాను. పక్షవాతం వచ్చిన వైపు చెంప వదులుగా జారిపోతుంది; ఆవైపు స్పర్శ తెలియదు కనుక నొప్పి పుట్టినా మనిషి అదరడు. పైగా రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి మందులు వాడుతున్నారు. దవడ క్రింద తెగిన చిన్న గాటుకు పటిక అద్ది అరగంటసేపు పట్టి కూర్చోవలసి వచ్చింది. ఆ డబ్బా నురగ చర్మం పైపైన కూర్చుంటుందే గాని గడ్డపు మొదళ్ళలోకి దిగదని అప్పుడు అర్థమయింది. వెంట్రుక నీటిని పీల్చుకుని మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలైనా వెచ్చని తడి కావాలి. ఆ తడిని ముఖం మీద నిలబెట్టేదీ, పడుకున్న వెంట్రుకలను లేపి నిలబెట్టేదీ కుంచె. మన తాతల నాటి మంగలి అంతసేపు ఎందుకు రుద్దేవాడో నాకు అరవయ్యవ ఏట తెలిసింది.

సికిందరాబాదులో ఒక దుకాణానికి వెళ్ళి మంచి కుంచె కావాలన్నాను. అట్టపెట్టె మీద "సహజ కేశాలు" అని మాత్రమే వ్రాసివుంది. నడుమ నల్లచార చూసి అది బ్యాడ్జర్ వెంట్రుకే అనుకున్నాను. బ్యాడ్జర్ అనేది నేలలో బొరియలు చేసుకుని ఉండే జంతువు. ఐరోపాలో ఖరీదైన కుంచెలు చాలావరకు దాని వెంట్రుకలతోనే చేసేవారు. ఫ్రెంచి భాషలో ఆ జంతువుకూ గడ్డపు కుంచెకూ ఒకటే పేరు, బ్లేరో. దుకాణదారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అడగవలసినది నేను. అడగలేదు.

ఇంటికి తెచ్చాక మొదటి వారం అది నన్ను ఓడించింది. తడిపితే పశువులకొట్టం వాసన. చీపురులా గుచ్చుకునే బిరుసు. సబ్బు మీద ఎంత త్రిప్పినా నురగ వచ్చినట్టే వచ్చి, నిమిషంలో కుంచె లోపలే మాయమయ్యేది. సగం దోషం మా బోరునీళ్ళదని తరువాత తెలిసింది. ఈ ప్రాంతమంతా రాతినేల. కుళాయిల చుట్టూ తెల్లని పెచ్చు కడుతుంది. అటువంటి నీళ్ళలో సబ్బు నురగగా మారకుండా విరిగి మడ్డిగా తేలిపోతుంది. త్రాగేందుకు వడగట్టిన నీళ్ళను వెచ్చబెట్టి వాడటం మొదలుపెట్టాక నురగ మీగడలా నిలిచింది.

మిగతా సగం ఆ వెంట్రుక స్వభావం. అది నీటిని తనలోకే పీల్చుకుంటుంది. కనుక పని మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు వెచ్చని నీళ్ళలో నానబెట్టాలి, పిడి అంటుకున్నచోటు మునగకుండా. నానిన తరువాత ఒక్కసారి విదిలించి సబ్బు మీద అర నిమిషానికి తక్కువ కాకుండా త్రిప్పాలి. నీళ్ళు చుక్కచుక్కగా చేర్చుకోవాలి. ముఖం మీద వలయాలుగా రుద్ది, చివర పైకీ క్రిందికీ గోడకు సున్నం వేసినట్టు లాగాలి. పని అయ్యాక సబ్బు పోయేదాకా కడిగి, పిండి, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. తడికుంచెను పెట్టెలో మూసిపెడితే కుళ్ళుతుంది. ఇరవై ముప్ఫై సార్లు ఇలా వాడేసరికి ఒక్కొక్క వెంట్రుక కొన చీలి, రెండు మూడు పాయలవుతుంది. అప్పుడు కొన పట్టుకుచ్చులా మెత్తబడుతుంది, నడుము మాత్రం బిరుసుగానే నిలుస్తుంది. కొత్తదానికంటె పాతది మేలుగా ఉండే వస్తువులు ఈ కాలంలో ఎన్ని మిగిలాయి? ఆ కొద్దివాటిలో ఇది ఒకటి.

ఇదంతా నాకంటె బాగా నేర్చుకున్నవాడు నాన్నగారిని చూసుకోవడానికి కుదిరిన అబ్బాయి. మేడ్చల్ వైపునుంచి బస్సులో వచ్చేవాడు, ఇరవైనాలుగేళ్ళు, ముస్లిం. నాన్నగారిని "తాతా" అని పిలిచేవాడు. గడ్డం గీసేముందు నీటి వేడిని తన మణికట్టు మీదా, తరువాత నాన్నగారి ఎడమచెంప మీదా చూసి, ఆ తరువాతే కుడివైపుకు వెళ్ళేవాడు. వదులైన చర్మాన్ని చెవివద్ద రెండు వేళ్ళతో పైకి లాగి పట్టుకునేవాడు. ఏడెనిమిది నెలల్లో ఒక్క గాటు పడలేదు. పని ముగించి కుంచె పెరటి కుళాయి దగ్గర కడిగి ఆరబెట్టేవాడు. మధ్యాహ్నం అదే కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, వెనుకగదిలో నమాజు చేసుకునేవాడు.

మా వీధిలో అటవీశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఒకరున్నారు. ముంగిస వెంట్రుకలతో చేసిన చిత్రకారుల కుంచెలను పట్టుకున్న కథలు ఆయన దగ్గర వినాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వ్యాపారం నేరం. ఒకనాడు మాటల మధ్య నా బ్యాడ్జర్ కుంచె ప్రస్తావన వస్తే, చూద్దామని భూతద్దం తెప్పించారు. ఒక వెంట్రుక పీకి కొన చూపించారు. చీలివుంది. నల్లచార వేళ్ళతో నలిపి, "ఇది రంగు వేసినదండీ. ఇది పంది వెంట్రుక. అడవిపందిది కూడా కాదు, పెంపుడు పందిదే" అన్నారు.

దానిలో మోసమేమీ కొత్తది కాదట. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్యాడ్జర్‌లా కనిపించేలా తయారుచేసిన గుర్రపు వెంట్రుకల చవక కుంచెల వల్ల ఎందరో సైనికులకు ఆంథ్రాక్స్, మన పశువులకు వచ్చే దొమ్మరోగం, సోకింది. 1920లో బ్రిటన్ జపాను గడ్డపు కుంచెల దిగుమతినే నిషేధించింది. పందివెంట్రుక విషయానికి వస్తే, నైలాను రాకముందు లోకంలో చాలా కుంచెల వెనుక పంది ఉన్నది. 1938లో అమెరికాలో నైలాను టూత్‌బ్రష్ వచ్చేవరకూ పళ్ళు తోముకునే కుంచెలు కూడా చాలావరకు దానివే. చైనా పందివెంట్రుక రెండవ ప్రపంచయుద్ధంలో తుపాకులతో సమానంగా లెక్కపెట్టుకున్న సరుకు. మనదేశంలో ఆ వ్యాపారానికి కాన్పూరు, కుంచెల తయారీకి బిజ్నోరు జిల్లాలోని షేర్‌కోట్ పేరుపడ్డవి. ఈనాటికీ ఇటలీ, పోర్చుగల్ దేశాల మంగలులు పందివెంట్రుకనే ఇష్టపడతారు.

ఆయన ఆసక్తిగా చెప్పుకుపోతున్నారు. నా మనస్సు మాత్రం పెరటి కుళాయి దగ్గర నిలబడిపోయింది.

మరునాడు అబ్బాయి వచ్చాడు. నేను చెప్పలేదు. ఆ మరునాడూ చెప్పలేదు. చెబితే మానేస్తాడేమో అన్నది పైకి చెప్పుకోగల కారణం. నాన్నగారికి అతను లేకపోతే ఎలా? ఇన్ని నెలలు జరిగినదానికి ఇప్పుడు చెప్పి బాధపెట్టడమెందుకు? తెలియనిది దోషం కాదు గదా? కుంచెను మాయం చేసి, పోయిందని చెప్పి కొత్తది కొనవచ్చును. ఆ పనీ చేయలేదు. ఎందుకు పోయిందని అడుగుతాడేమోనని భయం. ఇలా సందేహిస్తూనే ఒక పాత పుస్తకం తిరగవేశాను. పన్నెండవ శతాబ్దంలో మర్‌గీనానీ రచించిన హనఫీ ధర్మశాస్త్రగ్రంథం హిదాయా, 1791లో చార్లెస్ హామిల్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం. అందులో ఒక సంగతి కనబడింది. పందివెంట్రుక అమ్మకం చెల్లదు గాని, తోలు కుట్టేవారికి అది లేనిదే పని జరగదు కనుక, అవసరం కొద్దీ వాడుకోవడానికి అనుమతి ఉన్నదట. ఎంత సంతోషించానో చెప్పలేను. దావా గెలిచిన వకీలులా పుస్తకం మూశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అనుమతి ఇచ్చింది మోచీకి, మరో దారి లేనప్పుడు. మా ఇంట్లో మరో దారి అరవై రూపాయలకు దొరుకుతుంది. అంతకంటె ముఖ్యమైనది, ఆ అనుమతి తీసుకోవలసినది అతను. అతని ధర్మశాస్త్రంలో అతని తరఫున నేను తీర్పు వెదుక్కోవడమేమిటి?

పన్నెండవనాడు ఉదయం, అతను నీళ్ళు వెచ్చబెట్టకముందే పిలిచి చెప్పాను. అతను కుంచెవైపు చూశాడు. తన చేతులవైపు చూసుకున్నాడు. తరువాత అడిగాడు.

"మీకెప్పుడు ఎరుకైంది సార్?"

అబద్ధం చెప్పడానికి అదే చివరి అవకాశం. "పదకొండు రోజులైంది" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "తెల్వక అయినదానికి నాకేం గాదు సార్. తెలిసినంక పదకొండు దినాలు సప్పుడు చేయకుంటిరి. రోజూ నేను కడుగుతుంటే చూసుకుంట నిలబడ్డరు. గదే..." అని ఆగిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగి, "తాతకు చెప్పిన్రా?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను చెంపదెబ్బలా తాకింది. నాన్నగారు నిప్పులు కడిగే ఆచారం గల మనిషి. తడిబట్ట ఆరేసిన దండెం తాకనివ్వని మడి. మాట పోయినంతమాత్రాన ఆయనకు చెప్పవలసిన అవసరం కూడా పోయిందని నాలోపల ఎప్పుడు నిర్ణయమైందో నాకే తెలియదు. అబ్బాయి విషయంలో కనీసం భయపడ్డాను. నాన్నగారి విషయంలో అదీ లేదు.

ఆరోజు అబ్బాయి వెళ్ళిపోయాడు. మరునాడు రాలేదు. నేను నాన్నగారి మంచం ప్రక్కన కూర్చుని అంతా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. కోపమో, అలసటో, అసహ్యమో తెలుసుకునే దారి లేదు. గడ్డం గీయబోతే ముఖం గోడవైపు త్రిప్పుకున్నారు.

మూడవనాడు అబ్బాయి వచ్చాడు. చేతిలో సుచిత్రా చౌరస్తాలో కొన్న నైలాను కుంచె. డబ్బులిస్తే అరవై రూపాయలు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నాడు. నాతో మాట్లాడలేదు. నీళ్ళు వెచ్చబెట్టి, మణికట్టు మీద చూసుకుని, "తాతా, ఇది ప్లాస్టిక్‌ది, ఏ జానవర్‌దీ గాదు" అని కుంచె ఆయన కళ్ళకు ఎదురుగా పట్టుకున్నాడు. నాన్నగారు కుంచెను చూడలేదు. అతన్నే చూస్తూ ఉండి, "ఊఁ" అని మెల్లగా గవద పైకెత్తారు.

ఆ పైన నాన్నగారు పదమూడు నెలలు ఉన్నారు. అబ్బాయి చివరిదాకా వచ్చాడు. పోయిననాటి ఉదయం కూడా ముఖం నున్నగానే ఉంది. నాతో మునుపటిలా కబుర్లాడటానికి అతనికి చాలాకాలం పట్టింది. పూర్తిగా మునుపటిలా కాలేదనే అనుకుంటాను, కావాలని అడిగే హక్కూ నాకు లేదు.

నాన్నగారి నైలాను కుంచె అలాగే ఉంచాను. పందివెంట్రుకల కుంచె ఇప్పుడు నేనే వాడుతున్నాను. నల్లరంగు పూర్తిగా వెలిసిపోయింది, కొనలు మెత్తబడ్డాయి, నురగ చక్కగా పడుతుంది. కుంచెగా దానిలో ఏ లోపమూ లేదు. మీరెవరైనా కొనదలిస్తే నానబెట్టడం, ఆరబెట్టడం పైన చెప్పినట్టే చేయండి. ఏ జంతువు వెంట్రుకో మాత్రం దుకాణంలోనే అడగండి. అది ఇంకొకరి చేతికి ఇవ్వవలసివస్తే, ఇచ్చేముందే వారికి చెప్పండి.