విమానం నంబరున్న రైలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం దిగితే రైలు దొరుకుతుందని ఎవరిని అడిగినా చెబుతారు. ఆ రైలుకు విమానం నంబరు ఉంటుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు! టికెట్ మీద హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ఒక వరుస, దాని కింద ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కొలోన్ ఇంకో వరుస. రెండు నంబర్ల ముందూ లుఫ్తాన్సా వాళ్ల ‘ఎల్‌హెచ్’ అక్షరాలే. మొదటిది విమానం, రెండోది రైలు. పైగా కొలోన్ ప్రధాన రైల్వే స్టేషన్‌కు శంషాబాద్‌లాగే మూడక్షరాల కోడ్ ఉంది: క్యూకేఎల్. ఒకప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్, కొలోన్‌ల మధ్య విమానాలు తిరిగేవి. రైలు గంటలో చేరుస్తుంటే ఇక విమానం ఎందుకని వాటిని మానేశారు.

ఒకటో టెర్మినల్ నుంచి స్టేషన్‌కు నడిచే పోవచ్చు. రోడ్డు మీదుగా కట్టిన వంతెన దాటాలి, అంతే. ఇక్కడి లగేజీ ట్రాలీలను చూడండి, వాటిని ఎస్కలేటర్ మీదికి కూడా తీసుకెళ్లొచ్చు. చక్రాలు మెట్టుకు పట్టుకుని నిలబడిపోతాయి. రెండు పెద్ద పెట్టెలు, ఒక ఆవకాయ డబ్బా ఉన్నవాళ్లకు అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. టెర్మినల్ కిందే ఇంకో స్టేషన్ ఉంది, 1972 నాటిది. ఊళ్లోకి వెళ్లే లోకల్ రైళ్లు అక్కడ ఆగుతాయి. 1, 2, 3 ప్లాట్‌ఫారాలు దానివి. నేను చెబుతున్న దూరప్రయాణాల స్టేషన్ 1999లో మొదలైంది. దానివి 4 నుంచి 7.

ఆ స్టేషన్ నెత్తిన ఒక భవనం ఉంది. పేరు ‘ద స్క్వేర్’. పొడవు 660 మీటర్లు! ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర మనుషులు చుక్కల్లా కనిపిస్తారు. స్తంభాల మీద నిలబెట్టిన ఈ కట్టడంలో హోటళ్లు, ఆఫీసులు ఉన్నాయి. కింద రైళ్లు, ఒక పక్క ఏ3 హైవే, వంతెనకు అవతల విమానాలు. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది వాళ్ల ముందుచూపు. భవనం పూర్తయింది 2011లో. దాని బరువు మోసే స్తంభాలను మాత్రం అంతకు పన్నెండేళ్ల ముందు, స్టేషన్ కట్టినప్పుడే వేసి ఉంచారు.

ప్లాట్‌ఫారానికి గేటు లేదు, ప్లాట్‌ఫారం టికెట్ లేదు. ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. మన బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెరమీద చూపిస్తారు. ఐసీఈ అనే హైస్పీడ్ రైలు తెల్లగా, ఎర్రచారతో, మూతి సాగదీసుకుని వచ్చి ఆగింది. దానికి ఇంజిన్ లేదు! మోటార్లన్నీ బోగీల కిందే, సగం ఇరుసులకు పంచి పెట్టారు. మన వందే భారత్‌దీ ఇదే పద్ధతి.

అన్ని మోటార్లు ఎందుకంటే, కొలోన్‌కు 2002లో తెరిచిన ఈ కొత్త లైను కొండల మీదుగా పోతుంది. కొన్నిచోట్ల 25 మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు పైకెక్కాలి. ముంబై నుంచి హైదరాబాద్ వచ్చే రైళ్లకు కర్జత్‌లో వెనక నుంచి నెట్టే ఇంజిన్లు తగిలిస్తారు కదా, ఆ భోర్‌ఘాట్ వాలు 37కి ఒకటే. ఇక్కడ ప్రయాణికులతో నిండిన రైలు అంతకన్నా నిటారు వాలును, అదీ మహా వేగంతో ఎక్కేస్తుంది. గూడ్సు బండ్లకు ఈ దారిలో చోటు లేదు కాబట్టే ఇంత వాలు పెట్టగలిగారు.

బోగీలో తలుపు పైన చిన్న తెర ఉంటుంది. అందులో రైలు వేగం 180, 240, 280 అని పెరుగుతుంటే నేను కిటికీ వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. 300! ఒళ్లు ఝల్లుమంది. పక్క సీటాయన తల ఎత్తకుండా పేపరు చదువుకుంటున్నాడు. ఈ లైను చాలా దూరం ఏ3 హైవేను ఆనుకునే పోతుంది. జర్మనీ హైవేలంటే వేగానికి పేరు. అలాంటి దారిలో పోతున్న కార్లను వరసబెట్టి వెనక్కి నెట్టేస్తున్నాం! అంతలో సొరంగం, వెలుతురు, మళ్లీ సొరంగం. మొత్తం 30 సొరంగాలట. రైన్ నది ఒడ్డున పోయే పాత దారిలో రెండు గంటలు దాటేది. ఆ దారి అందమే వేరు, కాదనను. కానీ తెల్లవార్లూ విమానంలో నిద్రలేక వచ్చినవాడికి ఈ గంట ప్రయాణమే వరం.

శంషాబాద్‌లో దిగితే పుష్పక్ బస్సు, లేదంటే క్యాబు. అక్కడి నుంచి నేరుగా కర్నూలుకో వరంగల్‌కో రైలెక్కే రోజు రావాలని నాకు గట్టిగా ఉంది. విమానం దిగినవాళ్లలో ఎంతమంది హైదరాబాద్ వాళ్లు? ఎంతమంది ఇంకో నాలుగు గంటలు ప్రయాణం చేయాల్సినవాళ్లు? ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు ఆ రెండోవాళ్ల గురించే ఆలోచించి స్టేషన్ కట్టారు.

2024 జనవరి నుంచి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ నేరుగా విమానం ఉంది. మీ అమ్మాయో అబ్బాయో కొలోన్ వైపు చదువుకుంటుంటే, చూడబోయేటప్పుడు అక్కడికి ఇంకో విమానం వెతక్కండి. ఈ రైలు టికెట్ కలిపి కొనండి, కిటికీ సీటు అడగండి. దారిలో వచ్చే లింబుర్గ్ దాటాక హైవే మీద ఓ కన్నేసి ఉంచండి, తలుపు పైన తెరమీద ఇంకో కన్ను!