రెండు ట్రంకు పెట్టెల మీద మిర్యాలగూడ గూడ్స్ షెడ్డు

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

మేము ముగ్గురం. ఒకరిది సూర్యాపేట దగ్గర తండా, ఒకరిది కోదాడ వైపు, ఒకరిది మిర్యాలగూడ వైపు. ముగ్గురి ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. సూర్యాపేటలో హాస్టల్, ఒక్క రూంలో ఎనిమిది మందిమి. మనిషికో మంచం, ఒక ట్రంకు పెట్టె. అంతే జాగ.

సూర్యాపేటకు రైల్వే స్టేషన్ లేదు. కోదాడకూ లేదు. రెండూ 65వ నంబరు హైవే మీది ఊళ్లు, బస్సులే దిక్కు. మిర్యాలగూడకు మాత్రం బీబీనగర్–నడికుడి లైన్ ఉంది. కరెంటు పోయిన రాత్రుల్లో మిర్యాలగూడ దోస్తు రైళ్ల ముచ్చట్లు చెప్తుంటే మిగతావాళ్లం నోరు తెరిచి వినేటోళ్లం. అట్లా ఒక రాత్రి "మనమే ఒక చిన్న రైల్వే కడదాం" అనుకున్నం.

రైలు బొమ్మ అనంగనే అందరికీ గుండ్రంగా తిరిగే పట్టాలే గుర్తొస్తయి. మేమూ మొదట అదే గీసినం. జర్మనీలోని హాంబర్గ్‌లో మినియేచర్ వండర్‌లాండ్ అని పెద్ద రైలు ప్రదర్శన ఉంది. మన దేశంలో పుణెలో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. వాళ్లకు హాళ్లున్నయి. మాకు రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే వాటి మీద నాలుగు అడుగుల పొడుగు, అడుగు వెడల్పు పలక పడుతుంది. రౌండు తిప్పే ముచ్చటే లేదు.

తక్కువ జాగ ఉన్నోళ్ల కోసం బ్రిటన్‌లో ఆలన్ రైట్ అనే ఆయన ఒక ప్లాన్ చేసిండు. పేరు ఇంగిల్‌నుక్ సైడింగ్స్. మూడు లైన్లు, రెండు పాయింట్లు. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇంజిన్ ఉండే వైపు ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే ఐదు వ్యాగన్ల బండి తయారు చేయాలి. ఎనిమిదిలోంచి ఐదింటిని వరుసగా పెట్టే పద్ధతులు 6,720. అంటే రోజుకో ఆట ఆడినా డిగ్రీ అయిపోతది కానీ ఆట అయిపోదు.

తర్వాత లెక్క. మన బియ్యం వ్యాగన్ పొడుగు దాదాపు పద్నాలుగున్నర మీటర్లు. 1:87 సైజులో చేస్తే పదహారున్నర సెంటీమీటర్లు వస్తుంది, మా పలక చాలదు. 1:160లో అయితే 9 సెంటీమీటర్లే. ఐదు వ్యాగన్లకు 45, ఇంజిన్, మూడు వ్యాగన్లకు 40, పాయింట్లకు 20. మొత్తం 105 సెంటీమీటర్లు. పలక 122. సరిపోయింది!

బజార్లో దొరికే 1:160 పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజ్ లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1,676, అంటే పదిన్నర రావాలి. ఎట్లాగూ కొనేటందుకు పైసల్లేవు కాబట్టి మా పట్టాలు మేమే చేసుకున్నం, కొలత మాత్రం అసలుదే పెట్టినం. పట్టాలకు సన్న ఇనుప తీగ, స్లీపర్లకు అగ్గిపుల్లలు. వ్యాగన్లకు పాత పెళ్లి కార్డుల అట్ట. పాయింటు కోసం పట్టా చివరి ముక్కనే గుండుపిన్ను మీద అటూ ఇటూ తిరిగేటట్టు పెట్టినం. మోటారు లేదు, ఇంజిన్‌ను వేలితోనే నెడతాం. వ్యాగన్ల అడుగున కొవ్వొత్తి మైనం రాస్తే మంచిగ జారతాయి.

ఇంతవరకు బాగనే ఉంది. అసలు సంగతి గూడ్స్ షెడ్డు కాడ వచ్చింది.

కాలేజీలో చేరిన మొదటి వారం పరిచయాల్లో మిర్యాలగూడ దోస్తు "మా నాన్న రైల్వేలో చేస్తడు" అన్నడు. అందరం నమ్మినం. ఒక ఆదివారం వాళ్ల బాపు యాడి చేసిన రొట్టెలు పట్టుకుని హాస్టల్‌కు వచ్చిండు. మంచం మీద కూర్చొని పలక వైపు చాలాసేపు చూసిండు. తర్వాత మన భాషలోనే అడిగిండు: "ఇది మిర్యాలగూడనే కదా? మరి ప్లాట్‌ఫాం ఇంత కిందికి ఎందుకు పెట్టిండ్రు? ఇట్లుంటే బస్తా మోసేటోడి నడుం విరుగుతది."

కొలిచి చూసినం. వ్యాగన్ నేల 8 మిల్లీమీటర్ల ఎత్తుంది, అసలులో మీటరుంబావు. మా ప్లాట్‌ఫాం 3 మిల్లీమీటర్లే, అసలులో అర మీటరు కూడా కాదు. ఆయన చెప్పిండు: ప్లాట్‌ఫాం వ్యాగన్ నేలకు సమంగా ఉండాలె, మధ్య సందు మీద పలక వేస్తరు, బస్తా నెత్తిన పెట్టుకుని దాని మీంచే లోపలికి నడుస్తరు. ఒక్క వ్యాగన్‌కు వెయ్యికి పైన యాభై కిలోల బస్తాలు. రేక్ వచ్చిందంటే గంటల లెక్క, టైం దాటితే డ్యామరేజి పడుద్ది, అందుకే రాత్రనక పగలనక ఎక్కించుడే. "నీళ్ల కుండ ఏది? నీడ ఏది?" అని కూడా అడిగిండు.

మా దోస్తు తల దించుకునే ఉన్నడు. మాకు అర్థమైంది. వాళ్ల బాపు హమాలీ.

ఆయన పోయినంక రూంలో ఎవరం మాట్లాడలే. నిజం చెప్పాలంటే తప్పు ఒక్కడిదే కాదు. మాలో ఇంకొకరు నాన్న బిల్డింగ్ కాంట్రాక్టర్ అన్నరు, ఆయన సుతారి మేస్త్రీ కింద కూలి. ఇంకొకరు పదెకరాల వ్యవసాయం అన్నరు, అది కౌలు. ఆ రాత్రి ముగ్గురం ఒప్పుకున్నం.

మర్నాడు ప్లాట్‌ఫాం పీకేసి 8 మిల్లీమీటర్లతో మళ్లీ కట్టినం. పలక వేసినం. నీళ్ల కుండకు ఒక ఆవగింజ, నీడకు చింతపుల్ల చెట్టు. బస్తాల కోసం వెతుకుతుంటే ఒక సంగతి తెలిసింది. యాభై కిలోల బస్తాను 160 రెట్లు తగ్గిస్తే దాదాపు ఒక బియ్యపు గింజంత అవుతుంది. మెస్ నుంచి గుప్పెడు బియ్యం తెచ్చి గింజ గింజ అంటించినం. సెంటీమీటరు ఎత్తు మనిషి నెత్తిన ఒక గింజ.

ఫిబ్రవరి 28, సైన్స్ డే నాడు కాలేజీలో పెట్టినం. ఒక లెక్చరర్ "ప్లాట్‌ఫాం కొలత ఇంత కరెక్టుగా ఎట్లా తెలిసింది?" అని అడిగిండు. మా దోస్తు అందరి ముందట చెప్పిండు: "మా బాపు చెప్పిండు సార్. ఆయన అక్కడ హమాలీ." గొంతు కొంచెం వణికింది, మాట మాత్రం ఆగలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జాగ లేదని ఏదీ ఆపకండి. ముందు ఉన్న జాగను కొలవండి, తర్వాత దానికి పట్టే బొమ్మను ఎంచుకోండి. కట్టేటప్పుడు ఏమైనా తెలియకపోతే ఫోన్లో వెతికే ముందు ఒకసారి ఇంట్లో అడగండి. పలక ఇప్పుడు మా పెట్టెల మీదనే ఉంది. సూర్యాపేట వస్తే చెప్పండి, ఒక ఆట ఆడదాం.

జై సేవాలాల్. జై కొమురం భీం.