బూట్ లోడరునకు విడువవలసిన చోటు

పూర్వము డిస్కును విభజించునప్పుడు మొదటి పార్టిషనును 63వ సెక్టారునుండి ఆరంభించుట ఆచారమై యుండుటచేత, మాస్టర్ బూట్ రికార్డునకును దానికిని నడుమ మిగిలిన 62 సెక్టార్లలో, అనగా 31 కిలోబైట్లలో, ఎవరికిని చెందని ఆ సందులోనే గ్రబ్ తన ప్రధానభాగమును ఇముడ్చుకొనుచుండెడిది. ఎల్‌వీఎం, రెయిడ్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మొదలగువానిని చదువ నేర్చిన కొలఁదిని దాని దేహము పెరిగి, ఆ సందు చాలక, ఇన్‌స్టాల్ చేయఁబోయినవారికి స్థలాభావమే ఎదురయ్యెను. నేఁటి సాధనములు 2048వ సెక్టారునుండి, అనగా 1 మెగాబైటు విడిచి, ఆరంభించుట ఎంతయు శ్లాఘనీయము.

యూఈఎఫ్‌ఐ బూట్ విభాగమునకు మాత్రము 100 మెగాబైట్లు చాలునన్న మాటను నేనంగీకరింపను. కెర్నలును, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను అందే యుంచు పద్ధతి నానాఁటికి వ్యాపించుచున్నది. రెండుమూఁడు కెర్నళ్లు చేరునప్పటికి అది నిండిపోవును. పిమ్మట పెంచవలెనన్న ప్రక్కనున్న విభాగమును, అందలి సమస్త దత్తాంశముతోఁ గూడ, జరుపవలసివచ్చును. కావున క్రొత్త డిస్కును విభజించు మిత్రులారా, మొదటనే 1 గిగాబైటు విడువుఁడు.