పలకా - బలపమూ

ఒకే వస్తువు రెండు పనులు చేస్తుందంటే మన మధ్యతరగతికి ప్రాణం లేచొస్తుంది. పగలు సోఫా, రాత్రి మంచం అయ్యే సామాను మన ఇళ్లలోకి అలా వచ్చిందే. కూర్చుంటే మెత్తగా ఉండదు, పడుకుంటే నడుం కింద కీలు గుచ్చుకుంటుంది. అయినా వచ్చిన చుట్టానికల్లా చూపించి మురిసిపోతాం.

ఇప్పుడా ముచ్చట కంప్యూటర్లకీ వచ్చింది. 2010లో ఆపిల్ వాళ్లు ఐప్యాడ్ అనే పలక తెచ్చారు. 2012లో లెనోవో వాళ్లు తెర వెనక్కి పూర్తిగా తిరిగే లాప్‌టాప్ తెచ్చి, దానికి యోగా అని పేరు పెట్టారు. నడుం 360 డిగ్రీలు వంచేదానికి ఇంకేం పేరు పెడతారు చెప్పండి!

కిందటి నవల మీద వచ్చిన 40,000 రూపాయలు పట్టుకుని నేనూ ఈ రెంటి మధ్యా నిలబడ్డాను. "మడతపడేదే తీసుకో, అందరికీ పనికొస్తుంది" అన్నారు మావారు. "పలకైతే నేను బొమ్మలేసుకుంటానమ్మా" అంది అమ్మాయి. గమనించారా? రాసేదాన్ని నేను. నాకేం కావాలో ఒక్కరూ అడగలేదు.

షాపులో రెండూ ఎత్తి చూశాను. మడత లాప్‌టాప్ సుమారు 1.5 కిలోలు. దాన్ని పలకలా పట్టుకుని చదవడమంటే కందిపప్పు పొట్లం ఎత్తి పట్టుకోవడమే. పైగా ఆ కీలుకీ, ముట్టుకుంటే పలికే తెరకీ కొంత డబ్బు పోతుంది. అదే ధరకి మామూలు లాప్‌టాప్‌లో ఎక్కువ మెమరీ వస్తుంది. 4 జీబీ ర్యామ్ మీద ఇవాళ్టి విండోస్ అత్తారింట్లో కొత్తకోడలి నడక నడుస్తుంది. 8 ఉండాల్సిందే.

పలక అరకిలో. అయితే ధర చీటీ చూసి సంబరపడకండి. చాలావాటికి కీబోర్డూ, పెన్నూ విడిగా కొనాలి. పలకొక ధర, బలపమొక ధర! మూడూ కూడితేనే అసలు లెక్క. ఇంకోమాట. డి.టి.పి. వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ చాలామటుకు విండోస్ కోసం చేసింది. పలక మీద సాగదు. నేను రాసేది యూనికోడ్ కనుక నాకా బెంగ లేదు.

ఇంటికొచ్చి ఓ కాగితం మీద నా రోజు రాసుకున్నాను. పొద్దున్న కుక్కరు మూడు కూతల మధ్య రెండు పేరాలు. సాయంత్రం డాబా మెట్ల మీద ఒక పేజీ. అందరూ పడుకున్నాక మంచం మీద ప్రూఫులు దిద్దడం. బల్ల ముందు కూర్చునే గంట ఎక్కడా కనపడలేదు. 20 ఏళ్లుగా రాస్తున్న మనిషికి ఇంట్లో రాతబల్ల లేదని ఆ కాగితం చెబితేగాని తెలియలేదు.

పలకే కొన్నాను, కీబోర్డుతో, పెన్నుతో, బిల్లు 40,000 దాటకుండా. రోజంతా బల్ల ముందు ఆఫీసు లెక్కలు చూసేవాళ్లకి లాప్‌టాపే మేలు. ఏది కొన్నా సరే, అది ఏమేం చేస్తుందని కాదు, మీరెక్కడ కూర్చుని పనిచేస్తారో ముందు చూసుకోండి.

"ఇందులో పాలవాడి లెక్క కూడా రాసుకోవచ్చా?" అన్నారు మావారు.

"భేషుగ్గా! కాకపోతే నన్నడిగి తీసుకోవాలి" అన్నాను.