ట్యాంకులో నీళ్లు పడితే

వానలు మొదలయ్యాయి కాబట్టి చెబుతున్నా. పెట్రోలు కొట్టించుకున్న కాసేపటికే కారు కుదుపులిచ్చి ఆగిపోతే, దయచేసి మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. నీళ్లు పెట్రోలు కంటే బరువు, ట్యాంకు అడుగున చేరతాయి. పంపు లాగేదీ అడుగు నుంచే. కొట్టినకొద్దీ ఆ నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతాయి.

పైన ఇంకొంత పెట్రోలు పోస్తే సర్దుకుంటుందని ఎవరో ఒకరు చెబుతారు. వినొద్దు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కాస్త తేమనైతే అది కలుపుకుంటుంది. హద్దు దాటితే మాత్రం నీళ్లతో కలిసి విడిపోయి కిందికి దిగుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, లైన్లు కడిగించి, ఫిల్టర్ మార్పించాల్సిందే.

తీసిన పెట్రోలు కొంచెం గాజుసీసాలో పట్టించండి. కింద పొర విడిగా కనిపిస్తుంది. ఆ సీసా, బిల్లు పట్టుకుని బంకువాళ్లను గట్టిగా అడగండి.