దొరకలేదని కూడా రాయాలి!

జేబులో పెన్ను, చేతిలో ఫోన్, పక్కన నాన్న. మే నెలలో ఓ శనివారం ఇంగ్లండ్‌లోని చిప్పింగ్ కాంప్‌డెన్‌కి వెళ్లినప్పుడు నా సరంజామా అంతే. మూడు నెలలు ఉందామని వచ్చిన అమ్మానాన్నల్లో అమ్మ 'మీరు కొండలెక్కండి, నా మోకాళ్లు ఒప్పుకోవు' అని ఇంట్లోనే ఉండిపోయింది.

లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే సుమారు గంటన్నరలో మోర్టన్-ఇన్-మార్ష్. అక్కణ్నుంచి బస్సు. 'చిప్పింగ్' అంటే పాత ఇంగ్లిష్‌లో సంత అని అర్థం. ఒకప్పుడు ఇక్కడి గొర్రెల ఉన్ని వ్యాపారం ఈ ఊరిని నిలబెట్టింది. 1401లో చనిపోయిన విలియం గ్రెవెల్ అనే ఉన్ని వ్యాపారి కట్టించుకున్న ఇల్లు హైస్ట్రీట్‌లో ఇప్పటికీ ఉంది. వీధి పొడవునా తేనె రంగు రాతి ఇళ్లే.

నాన్న మాత్రం ఇళ్లను వదిలేసి నేరుగా మార్కెట్ హాల్లోకి నడిచారు. 1627లో సర్ బాప్టిస్ట్ హిక్స్ కట్టించిందది. వెన్న, జున్ను, కోళ్లు అమ్ముకునేవాళ్లు ఎండావానల్లో తడవకుండా ఉండటానికి. నాలుగు పక్కలా తెరిచిన కమానులు, కింద ఎత్తుపల్లాల రాళ్ల నేల.

"తూకం ఎక్కడ వేసేవాళ్లురా?" అనడిగారు.

ముప్పై ఏళ్లు దుగ్గిరాల యార్డుకి పసుపు తోలిన మనిషి ఆ ప్రశ్న కాక ఇంకేం అడుగుతారు!

నేను ఫోన్ తీసి ఆ రోజు ప్రోగ్రాం చెప్పా. "ఎవరో డబ్బాలు దాచి, ఎక్కడున్నాయో యాప్‌లో పెట్టారు. మనం వెతకాలి."

"దొరికితే ఏమొస్తుంది?"

"లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి."

"ఏమీ రాదా? మరి ఇంత దూరం దేనికిరా?"

దీన్ని జియోకాషింగ్ అంటారు. 2000 మే వరకు మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని అమెరికా ప్రభుత్వం కావాలనే కాస్త తప్పుగా పంపేది. ఆ ఆంక్షను తీసేసిన మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో ఒక బకెట్ దాచి, దాని లెక్కలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆట అలా మొదలైంది. ఇప్పుడు మన హైదరాబాద్‌తో సహా ప్రపంచమంతా ఇలాంటి డబ్బాలున్నాయి.

బాత్ దాకా 164 కిలోమీటర్లు సాగే కాట్స్‌వోల్డ్ వే అనే నడకదారి ఈ ఊళ్లోనే మొదలవుతుంది. మేం అందులో మొదటి ముక్క, డోవర్స్ హిల్ దాకా, నడిచాం. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక్కణ్నే అయితే అరగంటలో ఎక్కేసేవాణ్ని. నాన్నతో గంటన్నర. ప్రతి గట్టు దగ్గరా ఆగి మట్టి చూస్తారు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు తట్టి చూస్తారు. దారి సగం దూరం ఎవరిదో పొలంలోంచే వెళ్తుంది. "అడక్కుండా పక్కోడి చేలో నడుస్తున్నామే!" అని ఒకటే కంగారు. ఇక్కడ అలాంటి కాలిబాటల మీద నడిచే హక్కు అందరికీ ఉందని, గేటు ఎలా ఉంటే అలాగే వదిలితే చాలని చెప్పాక కుదుటపడ్డారు.

మొదటి డబ్బా నాన్నకే దొరికింది. ఎక్కడో చెప్పను, మీ సరదా పోతుంది. నేను ఫోన్లో బాణం చూస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, ఆయన "ఆ రాయి తనంతట తాను అలా పడదురా" అన్నారు. పేరు తెలుగులో రాశారు, తేదీతో సహా.

కొండ మీద నుంచి ఈవ్‌షామ్ లోయ మొత్తం కనిపిస్తుంది. 1612 ప్రాంతంలో రాబర్ట్ డోవర్ అనే లాయరు ఇక్కడ 'ఒలింపిక్' ఆటలు మొదలుపెట్టాడు. ప్యాంటులో గడ్డి కుక్కుకుని ఒకరి కాలి ఎముకల మీద ఒకరు తన్నుకునే పోటీ కూడా ఉంటుంది. అది విని నాన్న చాలాసేపు నవ్వారు.

రెండో డబ్బా మాత్రం దొరకలేదు. నలభై నిమిషాలు వెతికాం. "సరే, పోదాం" అని యాప్ మూసేయబోతే నాన్న తొంగిచూశారు.

"దొరకలేదని రాయడానికి కూడా చోటుంది కదా?"

ఉంది. నలుగురు అలా రాస్తే, దాచినాయన వచ్చి డబ్బా ఉందో పోయిందో చూసుకుంటాడు. నేనెప్పుడూ రాయను. నా ప్రొఫైల్లో దొరికినవే ఉంటాయి.

"ఎందుకు రాయవు?"

జవాబు రాలేదు. బెంచీ మీద కూర్చుని అసలు సంగతి చెప్పేశా. మూడు వారాల కిందట నా ఉద్యోగం పోయింది. రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని వెళ్తున్నది ఆఫీసుకి కాదు, లైబ్రరీకి. వీసా గడువు కుదించినట్టు లెటర్ వచ్చింది. 60 రోజుల్లో ఇంకో కంపెనీ స్పాన్సర్ చేయకపోతే తిరిగొచ్చేయాలి.

నాన్న లోయ వైపు చూస్తూ ఉన్నారు. కాసేపాగి అన్నారు: "ఒక ఏడు పసుపు ధర పడిపోయి మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టా. మీ తాతకి చెప్పలేదు. యార్డులో ఎవరో చెప్పారాయనకి. ధర పడినందుకు ఏమీ అనలేదురా. పరాయివాళ్ల నోట విన్నందుకు మాత్రం నెల రోజులు నాతో మాట్లాడలేదు."

తర్వాత ఒకటే మాట. "అమ్మకి ఇవాళే చెప్పు. ముందు అది రాయి." ఫోన్ వైపు చూపించారు.

రాశా. 'నలభై నిమిషాలు వెతికాం. దొరకలేదు.'

మీరూ వెళ్లాలనుకుంటే రెండు మాటలు. యాప్ ఉచితమే, కొన్ని డబ్బాలకి మాత్రం డబ్బు కట్టాలి. పెన్ను మర్చిపోవద్దు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. దగ్గరికొచ్చాక ఫోన్ జేబులో పెట్టి కళ్లతో వెతకండి. ఏదీ తవ్వకండి. డబ్బాలోంచి బొమ్మో నాణెమో తీసుకుంటే అంతే విలువైనది పెట్టండి. తినేవి మాత్రం వద్దు. వీలైతే మీకంటే నెమ్మదిగా నడిచేవాళ్లని వెంట తీసుకెళ్లండి.

ఆ రాత్రి అమ్మకి చెప్పా. కాసేపు ఏడ్చి, "అందుకా, అన్నం సరిగ్గా తినట్లేదు!" అంది. వారం తర్వాత డబ్బా దాచినాయన చూసొచ్చి, నిజంగానే పోయిందని, కొత్తది పెట్టానని రాశాడు.

ఉద్యోగం ఇంకా దొరకలేదు. గడువులో 23 రోజులున్నాయి. వచ్చే శనివారం ఆ రెండో డబ్బా కోసం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది, మార్కెట్ హాల్ దాకా.